నీటిదారిలో ఎవరు తొలగవలెను?

గౌతమీ తీరమునందలి యానాం తెలుగువారికి పడవ చిరపరిచితము. అయినను విహారమునకై పడవనెక్కువారిలో దారినియమములు పెద్ద ఓడలకేయని తలచువారు కలరు. అది సరికాదు. 1972లో లండనునందు కుదిరి, 1977 జూలై 15 నుండి అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ నియమములు సముద్రమునందును, దానితో కలిసి సముద్రపు ఓడలు నడువదగిన జలములందును ప్రతి నౌకకును వర్తించును. స్థానికాధికారులు చేసిన ప్రత్యేక నియమములును పాటింపదగినవే.

ఈ నియమములు ఎవరికిని దారిపై హక్కు నొసగుటకంటె ఎవరి బాధ్యత యేదియో నిర్ణయించుటయే ముఖ్యము.

రెండు యంత్రపు పడవలు ఎదురెదురుగా వచ్చినపుడు రెండును తమతమ కుడివైపునకు మరలవలెను. రోడ్డుపై ఎడమవైపున నడచుటకు అలవాటుపడినవారు దీనిని విశేషముగా గుర్తుంచుకొనవలెను. అట్టి పడవల దారులు అడ్డముగా కలియునపుడు, ఎదుటి పడవ ఎవరికి కుడిప్రక్కన నుండునో వారే తొలగవలెను. సాధ్యమైనంతవరకు దాని ముందునుండి దాటరాదు. వెనుకనుండి వచ్చి దాటిపోవునది, తెరచాప పడవయైనను, తానే ఎడముగా పోవలెను. యంత్రపు పడవ సామాన్యముగా తెరచాప పడవకును, వలలు వేసి కదలలేని చేపల పడవకును దారి నీయవలెను. ఇరుకుపాయలో 20 మీటర్లకు తక్కువ పొడవుగల పడవ, ఆ లోతుదారి విడిచి పోలేని ఓడకు అడ్డుపడరాదు.

ఎదుటి పడవ దిక్సూచిపై ఒకే దిక్కున నిలిచియుండి, దూరము మాత్రము తగ్గుచుండినచో ఢీకొను ప్రమాదమున్నదని గ్రహింపవలెను. తొలగవలసినవారు ముందుగానే, ఎదుటివారికి స్పష్టముగా తెలియునట్లు మరలవలెను. యంత్రపు పడవ ఒక పొట్టికూతతో కుడికి మరలుటను, రెండింటితో ఎడమకు మరలుటను, మూడింటితో యంత్రమును వెనుకకు నడుపుటను తెలుపును; అయిదు కూతలు సందేహసూచకములు. రాత్రివేళ పడవకు ఎడమప్రక్క ఎఱ్ఱదీపము, కుడిప్రక్క పచ్చదీపము ఉండును. కావున కుడినుండి అడ్డముగా వచ్చు పడవయొక్క ఎఱ్ఱదీపమే కనబడును. అది చూచినవారు తొలగవలెనని జ్ఞాపకము చేసికొనుట సులభము.

తొలగనక్కరలేని పడవ తన దారిని, వేగమును మార్పరాదు. మార్చినచో తొలగువాని అంచనా తప్పును. అయితే ఎదుటివాడు తొలగుట లేదని తెలిసినపుడు తానును తప్పుకొనవచ్చును. వాని ప్రయత్న మొక్కటే చాలనంత దగ్గరపడినపుడు తప్పక తొలగవలెను. దారి తనదేయని పట్టుపట్టి పడవలోనివారి ప్రాణములకు ముప్పు తెచ్చుటను ఈ నియమము లంగీకరింపవు.