మనోవ్యాధి మందులును, రోగి నిద్రయు



మన గ్రామములలో ఎవరికైన మతి చెదరినదని తెలిసినప్పుడు ఇరుగుపొరుగువారు అడుగు మొదటి మాట, "రాత్రులు నిద్రపోవుచున్నాడా?" అనునది. ఇది మంచి ప్రశ్న. డాక్టర్లును ఇదే అడుగుదురు. నేడు నేను చెప్పదలచిన వ్యాధియందు ఈ ప్రశ్నకు విలువ మరింత హెచ్చు.

దానిని బైపోలార్ వ్యాధి యందురు. రెండు కొనల వ్యాధి యని భావము. రోగి కొన్ని వారములో నెలలో పొంగిపోవును. అప్పుడు మాటకు తెంపుండదు. ధనము నీళ్లవలె ఖర్చగును. తనకు లేని గొప్పతనము ఉన్నదనుకొనును. కాదన్నవారిపై కోపించును. దీనిని ఉన్మాదదశ యందము. మరికొంత కాలము క్రుంగిపోవును. మంచము దిగడు, అన్నము సయింపదు, బ్రదుకే బరువనుకొనును. ఇది విషాదదశ. రెంటి నడుమ మనవలెనే పొలము పనులు, బేరసారములు చూచుకొనును. అందుచేతనే దీనిని గాలి సోకినదనియు, చేతబడి యనియు అనుకొని కాలము గడుపుట జరుగుచుండును. ఇది మెదడునకు సంబంధించిన వ్యాధి. వంశములో దిగుటయు కద్దు. మందులకు లొంగును.

మనకు ఒక రాత్రి నిద్ర పట్టనిచో మరునాడు కన్నులు మండును, ఒళ్లు బరువెక్కును. ఉన్మాదదశ ఆరంభమైనవాడట్లు కాదు. రెండు మూడు గంటలు పరుండి లేచి, రాత్రియంతయు నిద్రించినవానికంటె హుషారుగా తిరుగును. అతనికి నిద్ర అక్కరలేకుండ పోయినది. ఈ భేదమును కనిపెట్టగలవారు డాక్టరు కాడు, ఇంటివారు. ఏలయన, తెల్లవారుజామున మూడు గంటలకు డాక్టరు మీ వాకిట నుండడు గదా.

వ్యాధి నిద్రను చెరచునట్లే, నిద్ర చెడుటయు వ్యాధిని రేపును. పెండ్లిపనులలో రెండు రాత్రులు, జాతరలో ఒక రాత్రి, పొలము కాపలాలో మరియొక రాత్రి నిద్ర లేకపోయినచో మనము తట్టుకొందుము. ఆ రోగి తట్టుకొనలేకపోవచ్చును. శివరాత్రి జాగరణమును నేను తప్పుపట్టుట లేదు. ఈ వ్యాధిగలవాడు పగటిపూజతో తృప్తిపడుట మేలని మాత్రము చెప్పుచున్నాను.

ఇక మందుల మాట. వీనిలో పేరొందినది లిథియము. అది ఒక విధమైన లవణము. 1949లో ఆస్ట్రేలియా దేశమున జాన్ కేడ్ అను డాక్టరు దానిని గినీపందులకు ఎక్కించి చూచెను. ఆ జంతువులు నిద్రపోలేదు. పూర్తి మెలకువతోనే మందకొడిగా పడియుండెను. అది విషప్రభావమే కావచ్చునని తరువాతివారు కొందరు శంకించిరి. ఏమైనను, ఉన్మాదదశలోనున్న పదిమంది రోగులకు ఆయన ఆ మందిచ్చి గుణము కనిపెట్టెను. 1954లో డెన్మార్కు దేశమున మోగెన్స్ షూ, ఆయన తోడివారు మరింత పకడ్బందీగా పరీక్షించి ఆ గుణమును స్థిరపరచిరి. లిథియము నిద్రమందు కాదు. ఉద్రేకమును అణచును, ఉద్రేకము అణగగా నిద్ర తనంతట వచ్చును. దీనివలన గాఢనిద్ర కొంత హెచ్చి, కలలు వచ్చు నిద్ర కొంత తగ్గును.

నిద్ర తెచ్చినదెల్ల మతిని కుదుర్చునను భ్రమ మనలో చాలమందికి కలదు. మన దేశపు సర్పగంధి వేరు సంగతి చూడుడు. పిచ్చికిని, రక్తపుపోటునకును అది పనిచేయునని 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అను వైద్యులు ప్రకటించిరి. 1952లో దానినుండి రిసర్పిన్ అను సారమును తీసిరి. అది మనిషిని శాంతపరచెను గాని, కొందరిలో విషాదమును పుట్టించునని చూచి డాక్టర్లు దానిని మనోవ్యాధులకు చాలవరకు విడిచిరి. కల్లు, సారాయి సంగతి చెప్పనక్కరలేదు. అవి నిద్ర పట్టించినట్లు పట్టించి నడిరాత్రి లేపును. మందులతో కలిసినచో మత్తు ప్రమాదకరముగ హెచ్చును.

క్వెటియాపిన్, ఒలాంజపిన్ అను మాత్రలు మాత్రము మత్తు కలిగించునవియే. జలుబునకు వేసికొను పాతకాలపు మాత్రలు నిద్ర తెచ్చుట మీరెరుగుదురు. ఇవియు మెదడులో ఆ దారినే నడచును. ఉన్మాదదశలో నున్నవానికి ఆ మత్తు మేలే. కాని వ్యాధి తగ్గినపిమ్మట ఉదయము ఎనిమిదైనను లేవకుండుట, కాఫీ త్రాగుచు తూగుట కనబడును. ఇక్కడనే ఇంటివారు పొరబడుదురు.

నా యొద్దకు వచ్చుచుండిన ఒక రైతు కుటుంబమున ఇట్లే జరిగినది. కుమారుడు మందులతో కుదుటబడెను గాని ప్రొద్దెక్కువరకు లేవడు. "మందు మా వానిని మొద్దు చేసినది" అని తండ్రి మాత్రలు అటకపై పెట్టించెను. పది దినములలో కుర్రవాడు కోడికూతకు ముందే లేచి పనిలోనికి పోసాగెను. ఇల్లంతయు సంతోషించెను. మూడవ వారమున అతడు ఎవరికిని చెప్పక రెండెకరములకు బయానా పుచ్చుకొని, ఆ సొమ్ము ఊరందరికి పంచెను. కాదన్న తండ్రిపై చేయి చేసికొనెను. ఇల్లు సంతోషించిన ఆ తెల్లవారుజాములే వ్యాధి మరలివచ్చిన గురుతులు. తరువాత అవే మందులతో అతడు మరల కుదిరెను. మాత్రను రాత్రి పదింటికి బదులు ఏడున్నరకు వేయించితిమి. ఉదయపు మత్తు చాలవరకు తగ్గెను.

కావున మత్తుగా నున్నదని మందు మానిపించరాదు. సాధారణముగా అది కొన్ని వారములలో తగ్గును. తగ్గనిచో వేళను మార్చుటయో, మోతాదు తగ్గించుటయో, వేరు మందిచ్చుటయో డాక్టరు చేయగలడు. లిథియమును ఉన్నట్టుండి ఆపినచో కొద్ది నెలలలోనే వ్యాధి తిరుగబెట్టు అపాయము హెచ్చు. ఆత్మహత్యల నుండి ఈ రోగులను కాపాడుటలో దానికి మంచి పేరున్నదని గూడ మరువరాదు.

అయితే మత్తునంతయు ఒకే గాటను కట్టరాదు. లిథియము పుచ్చుకొనువాడు తూగుచు, నడకలో తూలుచు, మాట ముద్దయై, చేతులు బాగుగ వణకుచు, వాంతులు విరేచనములు చేసికొనుచున్నచో అది నిద్ర కాదు. రక్తములో మందు మితిమీరినది. ఆ పూట మాత్ర ఆపి, తెల్లవారువరకు వేచియుండక ఆస్పత్రికి కొనిపోవలెను. మన ఎండలలో ఈ అపాయము ముఖ్యముగ గమనింపదగినది. చెమట పట్టి, నీరు చాలక, లేదా విరేచనములై ఒంటిలోని నీరును ఉప్పును తగ్గినచో మందు రక్తములో నిలువయగును. రక్తపుపోటునకని హఠాత్తుగా ఉప్పు మానుటయు అట్టిదే. ఒళ్లునొప్పులకు అంగడిలో కొను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలును, మూత్రము హెచ్చించు కొన్ని పోటుమందులును ఇదే పని చేయును. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుట ఇందులకే. రాత్రి మాత్ర వేసికొన్న పండ్రెండు గంటలకు, ఉదయపు మాత్ర వేయకమునుపు రక్తమీయవలెను.

లిథియము దాహమును, మూత్రమును హెచ్చించును గనుక రాత్రి మూడు నాలుగుసార్లు లేచుట కలదు. నిద్ర చెడుచున్నదని నీరు త్రాగుట మానిపింపరాదు. డాక్టరుతో చెప్పినచో మందు వేళలను సవరించి చూచును. క్వెటియాపిన్ వంటివి వేసికొను వృద్ధులు రాత్రి దిగ్గున లేచినచో కండ్లు తిరిగి పడుదురు. కాసేపు మంచముపై కూర్చుండి లేవవలెను. ఈ మందులలో కొన్నిటివలన ఒళ్లు వచ్చును. ఒళ్లు వచ్చి, గురక హెచ్చి, గురక నడుమ ఊపిరి ఆగినట్లగుచున్నచో దానిని చెప్పితీరవలెను. అట్టివానికి రాత్రి నిద్ర నిండదు, పగలు తూగును. నింద మందుపై పడును.

దీనికి వ్యతిరేకముగ నిద్రను చెరచు మందులును కలవు. అరిపిప్రజోల్ కొందరికి కాళ్లలో నిలకడ లేకుండ చేయును. రోగి కూర్చుండలేడు, పరుండలేడు, వాకిట పచార్లు చేయుచుండును. వ్యాధి తిరిగినదని తలచి మోతాదు పెంచినచో బాధ పెరుగును. విషాదమును తగ్గించు మందులు ఒంటరిగ ఇచ్చినచో కొందరు ఉన్మాదదశలోనికి దూకుదురు. క్రుంగియున్నవాడు అట్టి మందు మొదలిడిన కొలది దినములకే నిద్ర మాని ఉత్సాహముగ తిరుగుచున్నచో గుణమిచ్చినదని మురియక, వెంటనే డాక్టరునకు తెలుపవలెను. లోరాజెపామ్, క్లోనాజెపామ్ అను నిద్రమాత్రలు కొలది దినములకు మంచివి. నెలల తరబడి వాడినచో అలవాటగును. అట్లు అలవాటైనవానిని ఒక్కసారిగ ఆపుటయు ప్రమాదమే.

ఇవన్నియు గుర్తుంచుకొనుట ఎట్లని మీరడుగవచ్చును. ఇంట ఒక పాత క్యాలెండరు చాలును. రోగి ఎన్నింటికి పరుండెనో, ఎన్నింటికి లేచెనో, మాత్ర ఎన్నింటికి వేసెనో తేదీక్రింద వ్రాయుడు. రెండు రాత్రులు వరుసగా నిద్ర సగమునకు తగ్గి, మనిషి మాత్రము చురుకుగా నున్నచో మరునాడే డాక్టరు నొద్దకు బయలుదేరుడు. విశాఖపట్టణమునను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయములు కలవు. దూరమైనచో 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును. టెలి మానస్ అను ఈ ప్రభుత్వ ఏర్పాటు 2022లో మొదలైనది. రాత్రింబగళ్లు పలుకుదురు, తెలుగులో మాటాడవచ్చును. పోవునప్పుడు ఆ క్యాలెండరును చంకన పెట్టుకొని పొండు.