ఇటలీ ద్రాక్ష, బస్తర్ ఇప్పపూవు

ఇటలీలోని వెరోనా ప్రాంతంలో ‘అమరోనే’ అనే ఎర్ర వైను కొరకు కోసిన ద్రాక్షను వెంటనే పిండరు. సుమారు మూడు నెలలు గాలి తగిలే గదులలో ఆరబెడతారు. నీరు తగ్గి, పండులో తీపి చిక్కబడుతుంది. ఆ తీపిలో అధికభాగం పులిసి మద్యంగా మారడం వలన వైనుకు గాఢత, చిరుచేదు అబ్బుతాయి. ఆ పేరుకు మూలం కూడా చేదే.

బైలదిల కొండల నీడన నివసించే మనకు ఇదే సూత్రం బస్తర్ గ్రామాలలో కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవారుజామున రాలే ఇప్పపూలను గిరిజన కుటుంబాలు ఏరి, ముదురు రంగుకు తిరిగే వరకు ఎండబెడతాయి. వాటిని నానబెట్టి, పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లార్చగా ఇప్పసారా దిగుతుంది. ఎండుపూవు ఆహారం కూడా. గింజల నుండి నూనె లభిస్తుంది.

అయితే, పూలు తేలికగా కనిపించాలని చెట్టు క్రింది ఎండుటాకులకు నిప్పు పెట్టడం పలుచోట్ల వాడుక. ఆ మంటలో ఇప్ప మొలకలు మాడిపోతాయి. మొలక ఎదిగి పూతకు రావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. చెట్టు క్రింద వల కడితే నిప్పుతో పని లేదు, పూవుకు మట్టి అంటదు. మన కాలనీల ఖాళీ స్థలాలలో మనమూ ఇప్పమొక్కలు నాటి పెంచితే, ఆ తీపి రేపటి తరానికీ మిగులుతుంది.