తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది?

పూర్వము గ్రామ చావడియందు ఒక ఇనుపపెట్టె యుండెడిది. వసూలైన సొమ్మును, ముఖ్యమైన కాగితములును అందు భద్రపరచెడివారు. పెట్టె ఎంత బరువైనదైనను, దాని భద్రత యంతయు ఒక చిన్న తాళపుచెవిపై ఆధారపడియుండెడిది. బాధ్యత వహించిన పెద్దమనిషి ఆ చెవిని రాత్రివేళ తలగడ క్రింద పెట్టుకొని నిద్రించెడివాడు. ఎంత ఆప్తుడడిగినను చేతికిచ్చెడివాడు కాడు.

1959వ సంవత్సరమున ఆంధ్రప్రదేశములో పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమైననాటి నుండి నేటివరకు గ్రామములలో ఎన్నియో మార్పులు వచ్చినవి. ఇనుపపెట్టె యున్న చోట నేడు కంప్యూటరు వెలసినది. ఇంటింట సెల్‌ఫోనున్నది. రైలు టిక్కెట్టు, బ్యాంకు ఖాతా, పింఛను సమాచారము, పంచాయతీ జమాఖర్చు అన్నియు ఈ యంత్రముల గుండనే నడచుచున్నవి. తాళపుచెవి కూడ రూపు మార్చుకొన్నది. అది యొకచోట నాలుగంకెల రహస్యసంఖ్య. మరియొకచోట సెల్‌ఫోనుకు వచ్చు ఓటీపీ. ఇంకొకచోట బొటనవ్రేలంత డిజిటల్ సంతకపు టోకెను. వింత యేమనగా, ఇనుప చెవిని ఎవ్వరికిని ఈయని మనము ఈ క్రొత్త చెవులను మాత్రము అడిగినవారి కెల్ల ఇచ్చుచున్నాము. అందువలన గలుగు నష్టమెట్టిదో, దానిని తప్పించుకొను మార్గమేదో పంచాయతీ సభ్యులకు విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

మా యాత్రానుభవము

ముందుగా మా పొరపాటునే చెప్పుట న్యాయము. గ్రామముల వెంట తిరిగి పదిమందికి తెలివిడి చెప్పు ఉద్యోగములో నున్నవారమయ్యును, మేము చేసిన పని యిది.

కొన్నియేండ్ల క్రిందట వేసవిలో సకుటుంబముగ తిరుమల యాత్ర తలపెట్టితిమి. డెబ్బదియేండ్లు దాటిన మా తల్లిగారు, పిల్లలు, మేము కలసి ఆరుగురము. తీరిక లేదను నెపమున, వీధి చివర నున్న ఒక అంగడిలో రైలు టిక్కెట్లు తీయించితిమి. అప్పటికి అవి నిరీక్షణ జాబితాలో నున్నవి. “ఖాయమైపోవును లెండి” అని అంగడివాడు ధైర్యము చెప్పెను. టిక్కెట్టుపై నమోదైన ఫోను నంబరు ఎవరిదో మేము చూడలేదు. అది అతనిదే.

ప్రయాణమునాడు సామానుతో స్టేషను చేరితిమి. పెట్టెల వద్ద అంటించిన పట్టికలో మా పేర్లు లేవు. టిక్కెట్టు తనిఖీ ఉద్యోగి మర్యాదగనే విషయము విశదపరచెను. ఇంటర్నెట్టు ద్వారా తీసిన టిక్కెట్టులోని వారందరును నిరీక్షణ జాబితాలోనే మిగిలిపోయినచో, పట్టిక తయారైన పిమ్మట ఆ టిక్కెట్టు దానంతటదియే రద్దగును, దానితో రైలెక్కరాదు. ఆ కబురు కొన్ని గంటల ముందే పంపబడినది. కాని అది మా ఫోనుకు గాక అంగడివాని ఫోనుకు చేరినది. అతడు ఆనాడు అంగడి మూసి పెండ్లికి పోయియుండెను.

మా తల్లిగారు ప్లాటుఫారముపై పరుపుచుట్ట మీద కూర్చుండి, “కొండకు పోయేది మనమూ, కబురు వచ్చేది అంగడివాడికా నాయనా?” అనిరి. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయెను. టిక్కెట్టు సొమ్ము వాపసు వచ్చినది గాని, చెల్లింపు జరిగినది అతని ఖాతా నుండి గావున అచ్చటికే పోయినది. నాలుగుసార్లు తిరిగిన పిమ్మట మా చేతికందినది.

ఆనాటి నుండి మేము పాటించు నియమములు కొన్ని కలవు. టిక్కెట్టు ఎవరు తీసినను, అందు ప్రయాణించువారి ఫోను నంబరే వ్రాయించవలెను. టిక్కెట్టుపై నుండు పదంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యను కాగితముపై వ్రాసి యుంచుకొనవలెను. 139 నంబరుకు ఫోను చేసి ఆ సంఖ్య తెలిపినచో టిక్కెట్టు స్థితి తెలియును. ప్రయాణికులలో ఒక్కరి వద్దనైనను అసలు గుర్తింపు కార్డు ఉండవలెను. 2024 నవంబరు 1వ తేదీ నుండి రిజర్వేషను గడువు 120 దినముల నుండి 60 దినములకు తగ్గింపబడినది గావున, పండుగ ప్రయాణములకు ఆ లెక్క చూచుకొనవలెను. అనుమతి లేకుండ టిక్కెట్ల వ్యాపారము చేయుట 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము శిక్షార్హము. కావున రైల్వేవారి అనుమతి గల ఏజెంటు వద్దనే టిక్కెట్టు తీయించుట క్షేమము.

వస్తువు కొనునపుడు

ఇక కొనుబడి సంగతి. మేము పర్యటించిన ఒక గ్రామమున ఒక తల్లి పత్తితీత కూలి కూడబెట్టి, కుమార్తె చదువునకై సెల్‌ఫోను కొనినది. మూడవ నెలలో దాని తెర నల్లబడినది. అంగడికి పోగా బిల్లు చూపుమనిరి. ఆమె వద్ద ధర మాత్రము వ్రాసిన తెల్లచీటి యున్నది. దానిపై అంగడి పేరు లేదు, తేదీ లేదు. పెట్టెపై సంవత్సరకాలపు వారంటీ అచ్చై యున్నను, ఎప్పుడు కొనినదో ఋజువు లేనందున ఆమె కది అక్కరకు రాలేదు. మరమ్మతుకై మరల అప్పు చేయవలసి వచ్చెను.

బిల్లు లేని వస్తువు పట్టా లేని భూమి వంటిది. అనుభవించినంతకాలము బాగుగనే యుండును; తగవు వచ్చిననాడు మనదని చెప్పుటకు ఆధారముండదు. బిల్లుపై అంగడి పేరు, తేదీ, వస్తువు పేరు, ధర, జి.ఎస్.టి. నంబరు ఉండవలెను. సెల్‌ఫోనైనచో దాని 15 అంకెల ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్య కూడ వ్రాయించవలెను. ఫోనులో *#06# అని నొక్కినచో ఆ సంఖ్య తెరపై కనబడును. రెండు సిమ్ములు గల ఫోనుకు రెండు సంఖ్యలుండును. తెరపై సంఖ్య, పెట్టెపై సంఖ్య, బిల్లుపై సంఖ్య మూడును ఒకటిగా నున్నవో లేవో అంగడిలోనే సరిచూచుకొనవలెను. ఫోను పోయినచో పోలీసులకు ఫిర్యాదు చేసి, “సంచార్ సాథీ” ద్వారా ఆ సంఖ్యను తెలిపి, ఫోను ఎవ్వరికిని పనిచేయకుండ ఆపించవచ్చును. ఈ సౌకర్యము 2023 మే మాసము నుండి దేశమంతటను అమలులో నున్నది.

వస్తువుపై గుర్తులను గమనించుట రెండవ జాగ్రత్త. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు రాడ్డు వంటి విద్యుత్ పరికరములపై ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెను. సెల్‌ఫోను, చార్జరులపై భారతీయ ప్రమాణముల సంస్థవారి నమోదు సంఖ్య ఉండును. చౌకయని గుర్తులేని రాడ్డును కొని బకెట్టులో పెట్టుట ప్రాణముతో చెలగాటమాడుటయే.

నక్షత్రపు చీటీని చూచుట మూడవది. సాధారణపు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్ల విద్యుత్తును వాడును. క్రొత్తరకపు బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లతో తిరుగును. దినమునకు 10 గంటల చొప్పున నెలకు 300 గంటలు తిరిగినచో మొదటిది 22 యూనిట్లకు పైగా వాడగా, రెండవది 9 యూనిట్లే వాడును. పంచాయతీ కార్యాలయమునకో, అంగన్‌వాడీకో, బడికో ఫ్యానులు కొనునపుడు ఈ లెక్క వేయుట సభ్యుల ధర్మము. కొనునాడు మిగిలిన నూరు రూపాయలు తరువాత కరెంటు బిల్లులో ఎన్నియో రెట్లుగ పోవచ్చును.

అంగడివారు బిల్లు ఈయకున్నచో నేమి చేయవలెను? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము బిల్లు ఈయకపోవుటను అనుచితమైన వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. మొదట 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చును. అప్పటికిని పరిష్కారము కానిచో, రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. వస్తువు ఏ నగరములో కొనినను, తాము నివసించు జిల్లాలోనే దాఖలు చేయు హక్కు ఈ చట్టము వలన లభించినది. చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు, స్వయముగ వాదించుకొనవచ్చును.

రహస్యసంఖ్య

సెల్‌ఫోను ద్వారా సొమ్ము చెల్లించు యు.పి.ఐ. పద్ధతి 2016లో ప్రారంభమైనది. నేడు సంతలో కూరగాయలమ్మువారి వద్ద కూడ దాని గుర్తుపలక కనబడుచున్నది. ఇందు ఒక్క సూత్రము గుర్తుంచుకొనిన చాలును: మన ఖాతా నుండి సొమ్ము పోవుటకే పిన్ నొక్కవలెను, సొమ్ము వచ్చుటకు నొక్కనక్కరలేదు. “మీకు సొమ్ము పంపుచున్నాము, పిన్ నొక్కుడు” అని యెవరైనను ఫోను చేసినచో అది నిస్సంశయముగ మోసమే.

అంగడిలోని కుర్రవానికి ఫోనిచ్చి, “నాయనా, నాకు తెలియదు, నీవే నొక్కుము” అని పిన్ బిగ్గరగా చెప్పు వృద్ధులను మేము అనేకులను చూచితిమి. ఆ కుర్రవాడు మంచివాడే కావచ్చును. కాని ఆ మాట విన్నవారందరును మంచివారు కాకపోవచ్చును. ఒకవేళ మోసము జరిగినచో సిగ్గుపడి దాచరాదు. తత్‌క్షణమే 1930 నంబరుకు ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మారకముందే ఖాతాను నిలుపుదల చేయించుటకు ఎంత త్వరపడిన అంత మేలు.

పంచాయతీ కార్యాలయమున

పైన చెప్పినవన్నియు ఒక కుటుంబమునకు సంబంధించినవి. పంచాయతీ తాళపుచెవి యన్ననో గ్రామమునకంతకును సంబంధించినది. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన “ఈ-గ్రామ్ స్వరాజ్” ద్వారా పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు నమోదగుచున్నవి. కేంద్ర ఆర్థిక సంఘపు గ్రాంటుల చెల్లింపులు డిజిటల్ సంతకములతో జరుగుచున్నవి. ఒకరు చెల్లింపును సిద్ధపరచగా, మరియొకరు పరిశీలించి ధ్రువపరచవలెనని ఏర్పాటు. ఒకరి పొరపాటును మరియొకరి కన్ను పట్టుకొనవలెనని దీని యుద్దేశము.

డిజిటల్ సంతకమును పలువురు కేవలము యంత్రభాగముగ భావింతురు. అది పొరపాటు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము దానికి చేతివ్రాత సంతకముతో సమానమైన గుర్తింపునిచ్చినది. మీ టోకెనును, దాని రహస్యసంఖ్యను ఇంకొకరి కిచ్చుటయనగా ఖాళీ చెక్కులపై సంతకములు చేసి, పుస్తకమంతయు అప్పగించుటయే. రేపు తనిఖీ అధికారి అడిగినపుడు, “నొక్కినది నేను కాదు” అను మాట చెల్లుబాటగుట కష్టము. ఇద్దరి టోకెనులును ఒకే సొరుగులో నున్నచో, ఇద్దరు చూడవలసిన లెక్కను ఒక్కరే చూచినట్లగును.

మరియొక సంగతి నొచ్చుకొనకుండ వినవలెను. మన రెండు తెలుగు రాష్ట్రములందును పంచాయతీ స్థానములలో సగము మహిళలకు కేటాయింపబడినవి. అట్లయ్యును మహిళా సర్పంచి పేరనున్న టోకెను భర్త జేబులోనో, బంధువు చేతిలోనో యుండుట అరుదు కాదు. “ఆమెకు కంప్యూటరు రాదు గదా” యని సమాధానము చెప్పుదురు. టోకెను పెట్టి, తెరపై పనిపేరు, మొత్తము, సొమ్ము అందుకొనువారి పేరు చదివి, సంఖ్య నొక్కుట కొద్దిదినముల అభ్యాసముతో వచ్చు విద్య. ఇల్లు నడుపు లెక్కలు తెలిసిన తల్లికి అది అసాధ్యము కాదు. నేర్పువారు లేకపోవుటయే అసలు లోపము.

సభ్యులు చేయదగినవి

మొదటిది, పంచాయతీ గోడపై మూడు నంబర్లు పెద్ద అక్షరములతో వ్రాయించుడు: కొనుబడి ఫిర్యాదులకు 1915, సొమ్ము మోసములకు 1930, రైలు ప్రయాణమునకు 139.

రెండవది, గ్రామసభ జరుగునాడు అరగంట కాలము ఈ విషయములకు కేటాయించుడు. ఊరిలో చదువుకొన్న యువతీయువకులచే బిల్లు చదువుట, ఐ.ఎమ్.ఇ.ఐ. చూచుట, పిన్ తామే నొక్కుట పెద్దలకు నేర్పించుడు. బదులుగా నొక్కి పెట్టుట సహాయము కాదని, నొక్కుట నేర్పుటయే సహాయమని వారికి చెప్పుడు.

మూడవది, పంచాయతీ కొను ప్రతి వస్తువు బిల్లును, వారంటీ కాగితమును ఒక దస్త్రముగ కట్టించుడు. మోటారు కాలిపోయిననాడు వెదకికొనుట కంటె ముందే భద్రపరచుట సులువు.

నాలుగవది, చెల్లింపుల వివరములను నెలకొకసారి “ఈ-గ్రామ్ స్వరాజ్”లో చూచి, సభలో చదివి వినిపించుడు. అవి ఎవరైనను చూడదగినవే. పొరుగువారు చూచి అడుగకముందే మనము చూచుట గౌరవము.

యంత్రములు వచ్చుట మంచిదే. పట్టణమునకు పోయి వరుసలో నిలుచు శ్రమ తగ్గినది. ఒకనాటి పని ఒక గడియలో ముగియుచున్నది. ఆ మేలు పూర్తిగ దక్కవలెనన్నచో, పని మరియొకరిచే చేయించుకొన్నను, కబురు మన ఫోనుకే రావలెను. బిల్లు మన పేరనే యుండవలెను. సంఖ్య మన మనస్సులోనే యుండవలెను. ఆ మరుసటి యేడు మా తల్లిగారిని తిరుమల తీసికొనిపోయినపుడు, టిక్కెట్టు కబురు ఆమె చిన్న ఫోనుకే వచ్చునట్లు చేసితిమి. ఆమె దానిని మనుమరాలిచే రెండుసార్లు చదివించుకొని, ఆ పిమ్మటనే మూట కట్టుకొనిరి.