కాల్షియం ఎముకలకే కాదు

"సిస్టర్, రెండు పూటలా కాల్షియం బిళ్ల వేసుకుంటున్నాను. నొప్పులు తగ్గలేదు, ఇంకొకటి పెంచనా?" ప్రగతి నగర్ నుండి వచ్చే తల్లులూ, పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే వారి పిల్లలూ మమ్మల్ని తరచు ఇలా అడుగుతుంటారు.

మన ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క వంతు గురించే ఈ సంచికలో చెప్పదలచాము.

కణం లోపల కాల్షియం చాలా తక్కువ, బయట ఉన్నదానిలో సుమారు 10,000వ వంతు. వచ్చినదాన్ని వచ్చినట్టు కణం బయటికి తోడేస్తూనే ఉంటుంది. నరం నుండి ఆజ్ఞ అందగానే తలుపులు తెరుచుకుని కొద్దిగా కాల్షియం లోపలికి వస్తుంది. అదే కబురు. కాల్మోడ్యులిన్ అనే చిన్న ప్రోటీను నాలుగు కాల్షియం అయాన్లను పట్టుకుని, కైనేజ్ అనే ఎంజైమును లేపుతుంది. ఈ కైనేజ్ మామూలుగా తన తలుపుకు తానే గొళ్లెం పెట్టుకుని ఉంటుంది. కాల్మోడ్యులిన్ వచ్చి ఆ గొళ్లెం తీస్తుంది. అప్పుడది ఏటీపీ నుండి ఒక ఫాస్ఫేటు తీసి మరో ప్రోటీనుకు తగిలిస్తుంది. దానితో ఆ ప్రోటీను పని మొదలుపెడుతుంది, లేదా ఆపేస్తుంది.

ఈ ఏటీపీ మాట వచ్చినప్పుడు మనవారిని తలచుకోకుండా ఉండలేము. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని కనుగొన్న సంగతి 1929లో ప్రకటించారు. మేము నర్సింగ్ చదివిన రోజుల్లో ఆ పేరు ఎవరూ చెప్పలేదు.

మెదడులో ఇలాంటి కైనేజ్ ఒకటి 12 భాగాలతో పూరేకుల్లా గుండ్రంగా అమరి ఉంటుంది. అవి ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుని, కాల్షియం వెళ్లిపోయాక కూడా కొంతసేపు మెలకువగా ఉంటాయి. నేర్చుకున్నది గుర్తుండడానికి ఇది అవసరం. గుండె కండరంలోనూ ఈ కుటుంబానికి చెందినదే ఉంది. అది అతిగా పనిచేస్తే గుండె లయ తప్పవచ్చు.

ఒక బిళ్ల ఎక్కువ వేసుకున్నంత మాత్రాన అది నేరుగా కణాల్లోకి పోదు. పారాథైరాయిడ్ గ్రంథులు, మూత్రపిండాలు రక్తంలో లెక్క సరిచూస్తూ ఉంటాయి. కానీ పరీక్ష లేకుండా కాల్షియంతో పాటు విటమిన్ డి పెద్ద మోతాదులు వాడుతూ పోతే ఆ లెక్క తప్పుతుంది. మలబద్ధకం, వాంతులు, అతిదాహం, మగత, కిడ్నీలో రాళ్లు రావచ్చు.

రక్తంలో కాల్షియం బాగా పడిపోయి చేతులు కొంకర్లు పోతున్న రోగికి ఇంజెక్షన్ నరంలోకి ఇస్తాము. 10 మిల్లీలీటర్ల మందుకు 10 నిమిషాలు పడుతుంది. "ఒక్కసారిగా ఇచ్చేయక ఎందుకమ్మా ఇంతసేపు?" అని బంధువులు విసుక్కుంటారు. అప్పుడు మా చెయ్యి సిరంజి మీద, కళ్లు గుండె మానిటర్ మీద ఉంటాయి.