అమ్మమ్మ చుట్ట, నా సిగరెట్

మా అమ్మమ్మ చుట్టని తిరగేసి కాల్చేది. వెలుగుతున్న కొస నోట్లో, చల్లటి కొస బయట. ఉత్తరాంధ్ర వాళ్లకి అడ్డపొగ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. మిగతా జిల్లాల వాళ్లు మాత్రం నమ్మరు. విజయవాడ మిత్రుడొకడు "నాలుక కాలదూ?" అని మూడుసార్లు అడిగాడు. కాలదు. పెదాలు తడిగా బిగించి, నాలుకని కిందికి అదిమిపెట్టి, బయటి కొస గుండా గాలి పీలుస్తారు. నుసి కొంత ఉమ్మేస్తారు, కొంత మింగేస్తారు.

చిన్నప్పుడు టెక్కలి దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో, ఊడుపుల రోజుల్లో గట్టు మీద కూచుని చూసేవాణ్ణి. జల్లు పడుతుంటుంది. పది పదిహేను మంది ఆడవాళ్లు వరసగా నడుం వంచి నాట్లు వేస్తుంటారు. సగం మంది నోళ్లలోంచి పొట్టి పుల్లముక్క లాంటిది బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. నిప్పు ఎక్కడా కనబడదు, పొగ మాత్రం లేస్తుంటుంది.

"అలా తిరగేసి ఎందుకు అమ్మమ్మా?" అనడిగాను ఒకసారి.

"వోనకి ఆరదు, గాలికి ఆరదు. సేతులు రెండూ పనిలో ఉంతాయి. సంకలో గుంట మీద నుసి రాలదు. ఇంకేటి కావాల?"

ఏడేళ్ల పిల్లాడికి అంతకన్నా సబబైన జవాబు ఏముంటుంది? చుట్ట కాల్చడం మంచిదా చెడ్డదా అని నేను అడగలేదు, ఎలా కాల్చాలి అన్నది ఆవిడ చెప్పింది. ఇప్పటికీ పొగతాగేవాళ్లని "ఎందుకు కాలుస్తావు?" అంటే చాలామంది ఎలా కాలుస్తారో, ఎప్పుడు కాలుస్తారో చెబుతారు. టీ తాగాక, భోంచేశాక, బస్సు కోసం నిలబడ్డప్పుడు. ఎందుకో తెలిస్తే కదా చెప్పడానికి.

నా సంగతికొస్తే, 1985లో, డిగ్రీ రెండో ఏడు, విశాఖలో మొదలుపెట్టాను. కారణం చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటుంది. హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్లం, ముగ్గురు కాల్చేవాళ్లు. అంతే. మొదటి దమ్ముకి తల తిరిగింది, కడుపులో తిప్పింది. అంత బాధ పెట్టిన వస్తువు దగ్గరికి రెండోసారి ఎవరైనా వెళ్తారా? వెళ్లాను. గిరీశం చుట్ట మహిమ బోధించి వందేళ్లు దాటినా మనకి శిష్యుల కరువు రాలేదు.

ఆ తర్వాత పత్రికలో సబ్ ఎడిటర్ ఉద్యోగం, నైట్ డెస్క్. రాత్రి ఎనిమిదికి వెళ్తే మూడింటికి బయటపడేవాళ్లం. రోజుకు పన్నెండు. సెలవుకి అమ్మమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు పెరట్లో దొంగచాటుగా వెలిగిస్తే పట్టేసింది. తిట్టలేదు. వింతగా చూసింది. "నిప్పు బైటెట్టి, పొగంతా గాలికొగ్గీసి, ఏటి సుఖం రా? డబ్బులు తగలెట్టడం కాదేటి?" పక్కన కూచుని తన చుట్ట తిరగేసింది. అమ్మమ్మలు పొగతాగే ఇంట్లో మనవడికి నీతి చెప్పేవాళ్లుండరు.

2007 వానాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయి పేజీలు ఆగిపోయాయి. న్యూస్‌ప్రింట్ ప్యాడ్ మీద నిలువుగా గీత గీసి ఎడమ పక్క "వచ్చేది", కుడి పక్క "పోయేది" అని రాశాను. నలభై దాటాక దగ్గు మొదలైంది, అందుకని. ఎడమ పక్క చకచకా నిండింది: హెడ్డింగ్ తడుతుంది, నిద్ర ఆగుతుంది, చీఫ్ సబ్‌తో గొడవయ్యాక కోపం దిగుతుంది, పొద్దున కడుపు కదులుతుంది. కింద కిళ్లీ కొట్టు దగ్గర మెషిన్ సెక్షన్ వాళ్లు, సర్క్యులేషన్ వాళ్లు దొరుకుతారు, ఆఫీసులో ఏం జరుగుతోందో తెలుస్తుంది. చివర "ఐదు నిమిషాలు" అని రాసి కింద గీత పెట్టాను. కుడి పక్క డబ్బు, దగ్గు, మా ఆవిడ మొహం తిప్పుకోవడం. ఇంకా ఏదో ఉంది, రాయబుద్ధి కాలేదు. "ఎప్పుడో ఏదో" అని రాసి వదిలేశాను.

ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. చూస్తే వ్యాపారం తెలిసిన ఎవడైనా నవ్వుతాడు. లాభాలన్నీ రొక్కం, నష్టాలన్నీ అరువు. పైగా తూకం రాళ్లు కూడా సరుకు అమ్మేవాడివే. ఇది నాకు తర్వాత తెలిసింది.

ఎలాగంటే, దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. సూది మందు కూడా అంత తొందరగా పోదు. అక్కడ డోపమైన్ విడుదలై హాయిగా అనిపిస్తుంది. ఒంట్లో నికోటిన్ దాదాపు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. పడిపోతుంటే చిరాకు, తల దిమ్ము, దేని మీదా మనసు నిలవకపోవడం. ఏళ్ల తరబడి కాల్చినవాళ్ల మెదడులో నికోటిన్ వచ్చి అంటుకునే గ్రాహకాల సంఖ్యే పెరుగుతుంది. అంటే అడిగే నోళ్లు ఎక్కువవుతాయి. రాత్రంతా నిద్రలో అవి ఖాళీ కడుపుతో ఉంటాయి, అందుకే పొద్దున్నే మొదటి సిగరెట్ అంత రుచి.

ఇది చదివాక ఒక వారం నేను వెలిగించిన వేళలన్నీ రాసుకున్నాను. పని ఎక్కువైనా తక్కువైనా, గొడవ జరిగినా జరక్కపోయినా గంటన్నర, గంటా నలభై నిమిషాలకోసారి. మరి హెడ్డింగ్ తట్టడం కోసమని నేననుకున్నది? హెడ్డింగ్ తట్టకుండా చేసింది అదే, తట్టించిందీ అదే. నా పక్క టేబుల్ మిత్రుడికి పొగ అలవాటు లేదు. ఆయన హెడ్డింగులు నావాటికన్నా బాగుండేవి. ఆ సంగతి చూడ్డానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. లాభాలన్నీ భ్రమ కాదు. నికోటిన్ ఆకలి తగ్గిస్తుంది, పేగుల్ని కదిలిస్తుంది. పార్కిన్‌సన్ జబ్బు పొగతాగేవాళ్లలో తక్కువ కనబడుతుందని పరిశోధకులే చెబుతారు. మానేశాక సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు, నేను ఆరు పెరిగాను. ఈ సంగతులు దాచి ఊపిరితిత్తుల బొమ్మ చూపించి భయపెట్టేవాళ్ల మాట పొగతాగేవాడు వినడు. వాడికి ఎడమ పక్క ఏముందో బాగా తెలుసు. ఇక 2016 నుంచి సిగరెట్ పెట్టెకి రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలున్నా, లూజు కొనేవాడు ఆ పెట్టె చూసేదెప్పుడు? కిళ్లీ కొట్టతను తీసి చేతికిస్తాడు, స్తంభానికి వేలాడే కొబ్బరితాడు నిప్పుకో, దారానికి కట్టిన లైటర్‌కో మొహం వంచుతాడు.

అమ్మమ్మ ఎడమ పక్క ఏముందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆఖరి రోజుల్లో మంచం మీదుండి ఏదో మాటల్లో అంది: "ఆకలి సచ్చిపోద్దిరా. పొద్దున్న అంబలి తాగి ఎల్తే మాపటేల దాకా కడుపులో ఏటుంతాది?" వాన, గాలి, చంటిపిల్ల, అవన్నీ తిరగేసి కాల్చడానికి కారణాలు. కాల్చడానికి కారణం ఇది. నాకు నిద్ర, ఆవిడకి ఆకలి. కూలి చేసే మనిషికి ఆ రోజుల్లో కూడుకన్నా చుట్ట చవక. ఆవిడ లెక్క తప్పని ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆవిడ ఎనభై ఒక్కేళ్లు బతికింది. మా బంధువుల్లో ఇప్పటికీ ఎవరైనా సిగరెట్ మానమంటే "అమ్మమ్మకి ఏమైంది?" అంటారు. అమ్మమ్మ చెల్లెలి పేరు ఎవరూ ఎత్తరు. చిన్నమ్మమ్మదీ అడ్డపొగే. అంగిలి మీద మొదట తెల్లగా దళసరి పొర, మధ్యలో ఎర్రటి చుక్కలు. కారం తగిలితే మంటనేది. తర్వాత పుండు. విశాఖ తీసుకొచ్చేటప్పటికి అన్నం మెతుకు ముక్కులోకి పోతోంది. యాభై రెండో ఏట పోయింది. బతికినవాళ్లు వీధరుగు మీద కూచుని సాక్ష్యం చెబుతారు, పోయినవాళ్లు చెప్పలేరు కదా.

ప్రపంచంలో గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. మన తీరంలో అది ఎక్కువగా ఉండటానికి అడ్డపొగే కారణమని 1957లోనే వైద్య పత్రికలో రాశారు. తర్వాత డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా పరిశోధనా సంస్థకు చెందిన దంతవైద్యుడు ఫాలీ మెహతా, వాళ్ల బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. ఆ వివరాలు 1971లో అచ్చయ్యాయి. ఊరూరా తిరిగి మానమని చెప్పే పనీ ఆ తర్వాత ఏళ్ల తరబడి జరిగింది. ఇప్పుడు మా ఊళ్లో అడ్డపొగ ముసలివాళ్ల దగ్గర తప్ప కనబడదు. దేశం మొత్తమ్మీద 2016-17 సర్వేలో పొగతాగే మగవాళ్లు 19 శాతం, ఆడవాళ్లు 2 శాతం. "ఆడవాళ్లు కూడా సిగరెట్లా!" అని పట్నంలో ముక్కున వేలేసుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. మా ఊడుపు చేల గట్టు మీద ఒక్క పూట కూచోబెడితే సరి.

నా కుడి పక్క "ఎప్పుడో ఏదో" అని వదిలేసినదానికి అంకె వేసినవాడు రిచర్డ్ డాల్. ఇంగ్లండులో 1950లో ఆయన, బ్రాడ్‌ఫర్డ్ హిల్ కలిసి పొగకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం చూపించారు. లెక్కలు తేలుతుండగానే డాల్ తన సిగరెట్ మానేశాడు. 1951 నుంచి 34,439 మంది మగ డాక్టర్ల అలవాట్లు అడిగి, యాభై ఏళ్లు వెంబడించి, 2004లో ఫలితం చెప్పాడు. చివరిదాకా కాల్చినవాళ్లు కాల్చనివాళ్ల కన్నా సగటున 10 ఏళ్లు ముందు పోయారు. 60 ఏళ్లకి మానితే 3 ఏళ్లు తిరిగొస్తాయి, 50కి మానితే 6, 40కి మానితే 9, 30కి మానితే దాదాపు అంతా.

నాకు అప్పటికి 42. ఆరుకీ తొమ్మిదికీ మధ్య ఎక్కడో ఉన్నాను. "ఎప్పుడో ఏదో"కి భయపడనివాణ్ణి, ఈ కూడికలకి లొంగాను. కళ్ల ముందు రొక్కం పెడితేనే మనిషి కదులుతాడు కాబోలు. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధమైంది, ఆఫీసు మెట్ల దగ్గర కూడా బోర్డు పెట్టారు. మరుసటేడు జనవరిలో మానేశాను.

మొదటి మూడు రోజులు మనిషిని కాను. రెండో రాత్రి సబ్బు కనబడలేదని మా ఆవిడ మీద అరిచాను, సబ్బు నా చేతిలోనే ఉంది. డాక్టరు నికోటిన్ గమ్ రాశాడు, ఒక మాట కూడా చెప్పాడు: కోరిక వచ్చినప్పుడు గడియారం చూడు, నాలుగైదు నిమిషాల్లో అదే దిగుతుంది, కాల్చినా కాల్చకపోయినా. గడియారం చూశాను. నిజమే. లవంగం బుగ్గన పెట్టుకుని ముల్లు కదలడం చూసేవాణ్ణి. ఇప్పుడైతే 1800 11 2356 అని ఉచిత ఫోన్ నంబరుంది, మానాలనుకునేవాళ్లకి సలహా చెబుతారు. అప్పట్లో మాకు లవంగాలే.

నెల రోజులకి ఎడమ పక్క చిట్టాలో ఒక్కొక్కటే కొట్టేశాను. హెడ్డింగ్, కోపం, కడుపు. కడుపుకి అరటిపండు సరిపోయింది. నిద్రకి టీ. గీత పెట్టిన చివరి మాట మాత్రం కొట్టలేకపోయాను. సిగరెట్ కాల్చనివాడికి మా డెస్క్‌లో "ఒక్క ఐదు నిమిషాలు వస్తా" అని లేచే హక్కు లేదు. ఎక్కడికి అంటే ఏం చెబుతాడు? పొగకి మాత్రం ఎవరూ కాదనరు. పక్క టేబుల్ మిత్రుడు పద్దెనిమిదేళ్లు ఆ కుర్చీలోంచి లేవకుండా పేజీలు పెట్టాడన్నది అప్పుడు తట్టింది. ఆయన నడుం నొప్పి సంగతి మాకందరికీ తెలుసు, ఎందుకో ఎవరం అడగలేదు.

ఒకరోజు రాత్రి పదకొండున్నరకి ఆయన కుర్చీ పట్టుకుని లేపాను. "నేను కాల్చను కదండీ" అన్నాడు. నేనూ కాల్చనన్నాను. కిందికి దిగాం. కిళ్లీ కొట్టతను నన్ను చూసి అలవాటుగా లూజు పెట్టెలో చెయ్యి పెట్టి, మళ్లీ గుర్తొచ్చి తీసేసి, "టీ రెండా సార్?" అన్నాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, పొగ మా మీదకి రాని పక్క నిలబడ్డాం.