కుంటలో ఉన్న పంపు

మాంసాహార మొక్క అనగానే పాఠ్యపుస్తకాల్లో నెపెంథిస్ బొమ్మ వేస్తారు. మూతున్న కూజా, జారుడు అంచు, అడుగున జీర్ణరసం. జారిన పురుగు మళ్లీ పైకి రాదు. మన దేశంలో అది ప్రధానంగా మేఘాలయలోని ఖాసీ, గారో, జైంతియా కొండల్లోనే పెరుగుతుంది. తెలంగాణలోని భీమ్‌గల్ లాంటి ఊళ్ల పిల్లలు దాన్ని బొమ్మలో చూడాల్సిందే. కానీ అంతకంటే తెలివైన ఉచ్చు తెలంగాణ చెరువుల్లో, కుంటల్లోనే ఉంది. దాని పేరు యుట్రిక్యులేరియా. వేర్లు లేని నీటి మొక్క. పసుపుపచ్చని పూలు నీటిపైకి వచ్చేదాకా ఎవరైనా దాన్ని నాచే అనుకుంటారు.

దాని తీగల నిండా కొన్ని మిల్లీమీటర్లకు మించని తిత్తులుంటాయి. తిత్తి లోపలి గ్రంథులు నీటిని బయటికి తోడేస్తూ ఉంటాయి. గోడలు లోపలికి వంగి, నొక్కి పట్టుకున్న ఇంకు ఫిల్లర్ బుడ్డిలా బిగుసుకుంటాయి. తలుపు దగ్గర సన్నని వెంట్రుకలుంటాయి. నీటిపురుగో, చిన్న దోమపిల్లో వాటిని తాకితే చాలు, తలుపు లోపలికి ముడుచుకుని తెరుచుకుంటుంది. గోడలు ఒక్కసారిగా ఉబ్బుతాయి, పురుగు నీటితో సహా లోపలికి పోతుంది, తలుపు మళ్లీ మూసుకుంటుంది. ఆ తర్వాత ఎంజైముల వంతు. గ్రంథులు మళ్లీ నీళ్లు తోడటం మొదలుపెడతాయి.

ఈ పనితీరు చార్లెస్ డార్విన్‌కే పూర్తిగా అంతుపట్టలేదు. పురుగులే తలతో తోసుకుని లోపలికి వెళ్తాయని 1875లో తన పుస్తకంలో రాశారు. అమెరికాలోని న్యూజెర్సీలో మేరీ ట్రీట్ అనే మహిళ మాత్రం మైక్రోస్కోపు ముందు ఓపిగ్గా కూర్చుని, పురుగు చిక్కే తంతు మొత్తాన్ని పదేపదే చూశారు. ఈ విషయంలో ఇతరులెవరికన్నా ఆమే ఎక్కువ సాధించారని డార్విన్ అదే పుస్తకంలో ఒప్పుకున్నారు. అంత పెద్దమనిషి అలా రాయడం నాకు నచ్చింది. నీటిని పీల్చుకునే సంగతి 20వ శతాబ్దంలో గానీ తేలలేదు. 2011లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ శాస్త్రవేత్తలు అతివేగ కెమెరాతో తీస్తే, పురుగును లాగేసుకోవడానికి పట్టేది సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువని తెలిసింది. లోపలికి దూసుకెళ్లే నీటి త్వరణం గురుత్వ త్వరణానికి 600 రెట్ల దాకా ఉంటుంది!

ఇంత హడావుడీ నత్రజని, భాస్వరం కోసమే. పోషకాలు తక్కువున్న నీళ్లలో అవి చాలినంత దొరకవు కాబట్టి ఈ మొక్క వాటిని పురుగుల్లోంచి రాబట్టుకుంటుంది.

ఈసారి కుంటలో పసుపుపచ్చ పూలు కనిపిస్తే తీగను గాజు గ్లాసులో వేసి భూతద్దంతో చూడండి. మీ వేలికేం కాదు. నల్లగా కనిపించే తిత్తులు చాలావరకు భోజనం చేసినవే. చూశాక అదే కుంటలో వదిలేయండి.