పచ్చదనం పెరిగితే రక్షణ ఫలించినట్టేనా?
కోరింగ మడ అడవుల నేపథ్యంలో సముద్ర రక్షిత ప్రాంతాల పర్యవేక్షణ, మూల్యాంకనం

తీరానికి వందల కిలోమీటర్ల దూరాన, దక్కను రాతినేల మీద ఉన్న బాచుపల్లికి చేరువలోనే సముద్రాన్ని అనుదినం గమనించే సంస్థ ఒకటి ఉంది. ప్రగతినగర్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) 1999లో ఏర్పడింది. ఉపగ్రహాలు పంపే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరిత సమాచారం ఆధారంగా చేపలు దొరకగల ప్రాంతాలను గుర్తించి, తెలుగుతో సహా తీరప్రాంత భాషలలో మత్స్యకారులకు సూచనలు పంపుతుంది. సునామీ హెచ్చరికలు, పగడపు దిబ్బలు తెల్లబడే ప్రమాద సూచనలు కూడా ఇక్కడి నుంచే వెలువడుతాయి. అయితే సముద్రం ఎలా ఉన్నదో తెలుసుకోవడం ఒక ఎత్తు. మనం గీసిన సరిహద్దు లోపల జీవజాలం ఆ రక్షణ వల్లనే బాగుపడిందా అని తేల్చడం మరొక ఎత్తు. ఈ రెండవ ప్రశ్నకు సమాధానం ఆకాశం నుంచి మాత్రమే లభించదు.

కోరింగ: పరీక్షకు తగిన స్థలం

కాకినాడకు దక్షిణాన, గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట విస్తరించిన మడ అడవులను 1978లో కోరింగ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, తిల్ల వంటి వృక్షాల వేళ్ల నడుమ రొయ్య పిల్లలు, చేప పిల్లలు, మండపీతలు పెరుగుతాయి. సముద్రం వైపున అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెలపై ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఈ అడవి చుట్టూ ఉన్న పల్లెలలో కాలువల్లో వల వేసి, బురదలో పీతలు పట్టి జీవించే కుటుంబాలున్నాయి. అభయారణ్యం నియమాల భారం మొదట పడేది వీరి మీదనే. కనుక ఆ నియమాలు ఫలిస్తున్నాయో లేదో నిజాయితీగా కొలిచి చూపడం శాస్త్రానికే గాక న్యాయానికి కూడా సంబంధించిన విషయం.

విస్తీర్ణం చెప్పేది, చెప్పనిది

మడ అడవుల స్థితికి సాధారణంగా తీసుకొనే ప్రమాణం వాటి విస్తీర్ణం. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా రెండేళ్లకొకసారి ఈ లెక్కలు ప్రకటిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవులు 2019 నివేదికలో 404, 2021 నివేదికలో 405 చదరపు కిలోమీటర్లుగా నమోదయ్యాయి. ఈ స్వల్ప భేదాన్ని చూసి రక్షణ ఫలించిందని గాని, ఫలించలేదని గాని చెప్పడం తొందరపాటు అవుతుంది.

ఇందుకు మూడు కారణాలున్నాయి. మొదటిది, డెల్టా నేల స్థిరంగా ఉండదు. ఒకచోట ఒండ్రు మేట వేస్తే అక్కడ మడ మొక్కలు వాటంతట అవే మొలుస్తాయి. మరొకచోట అలలు తీరాన్ని కోసివేస్తే పెరిగిన చెట్లే కూలిపోతాయి. రెండవది, ఈ అడవికి ఉప్పునీరు ఎంత అవసరమో మంచినీరూ అంతే అవసరం. ఎగువ ఆనకట్టల వద్ద నిలిచిపోయే నీరు, ఒండ్రు అభయారణ్యం అధికారుల అదుపులో ఉండవు. మూడవది, ఒకే జాతి మొక్కలను విరివిగా నాటినా చిత్రంలో పచ్చదనం పెరుగుతుంది. ఆ పచ్చదనం కింద ఎన్ని పీతలున్నాయో, ఎన్ని చేపపిల్లలు పెరుగుతున్నాయో చిత్రం చెప్పదు.

పోలిక మడి లేని ప్రయోగం

వ్యవసాయ పరిశోధనలో ఎరువు వేయని మడిని పక్కన ఉంచకుండా ఎరువు పనితనాన్ని ఎవరూ నిర్ధారించరు. సముద్ర రక్షిత ప్రాంతాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. రక్షణ మొదలు కాకముందు, మొదలైన తరువాత. సరిహద్దు లోపల, అదే స్వభావం గల వెలుపలి ప్రాంతంలో - ఈ నాలుగు కొలతలూ ఉంటేనే మార్పునకు కారణం తెలుస్తుంది.

మెక్సికోలోని కాబో పుల్మోను 1995లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అక్కడ 1999, 2009 సంవత్సరాలలో జరిపిన కొలతలను పోల్చగా చేపల జీవద్రవ్యరాశి 463 శాతం పెరిగినట్లు తేలింది. అదే కాలంలో ఆ పరిసరాలలోని ఇతర ప్రాంతాలలో ఇటువంటి పెరుగుదల కనిపించలేదు. తొలి కొలత లేకపోయినా, పోలిక ప్రాంతాలు లేకపోయినా ఈ విజయం వట్టి అభిప్రాయంగానే మిగిలేది.

ఇందుకు భిన్నమైన పాఠం 2014లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం నేర్పింది. ప్రపంచవ్యాప్తంగా 87 సముద్ర రక్షిత ప్రాంతాలను పరిశీలించి, ఐదు లక్షణాలు కీలకమని అది గుర్తించింది: వేటపై పూర్తి నిషేధం, నియమాల గట్టి అమలు, పదేళ్లు దాటిన వయసు, 100 చదరపు కిలోమీటర్లకు మించిన విస్తీర్ణం, లోతైన నీటితోనో ఇసుకతోనో పరిసరాల నుంచి వేరుపడి ఉండడం. వీటిలో ఒకటి రెండు మాత్రమే ఉన్న 59 శాతం ప్రాంతాలకూ, వేట సాగే ప్రాంతాలకూ జీవావరణపరంగా తేడా కనిపించలేదు. ఈ ఫలితాలు రాతి, పగడపు దిబ్బల చేపలకు చెందినవి కనుక మడ అడవులకు యథాతథంగా అన్వయించరాదు. అయినా ప్రకటన ఒకటి, రక్షణ మరొకటి అన్న సత్యం ఎక్కడైనా ఒక్కటే.

నిర్వహణ మార్కులు, జీవావరణ ఫలితాలు

మన దేశంలో రక్షిత ప్రాంతాల నిర్వహణ సామర్థ్య మూల్యాంకనం 2006లో ప్రారంభమైంది. నేపథ్యం, ప్రణాళిక, వనరులు, ప్రక్రియ, ఉత్పాదన, అంతిమ ఫలితం అనే ఆరు అంశాలపై ఇది ఆధారపడుతుంది. సముద్ర రక్షిత ప్రాంతాల కోసం భారత వన్యప్రాణి సంస్థ, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ కలిసి ప్రత్యేక విధానాన్ని కూడా రూపొందించాయి. ఇందులో మొదటి నాలుగు అంశాలు నిర్వాహకుల కృషిని తెలుపుతాయి. గస్తీ పడవలు, సిబ్బంది, పత్రాలు సక్రమంగా ఉన్నంత మాత్రాన చేపలు పెరిగాయని కాదు. చివరి అంశానికి నీటిలో, బురదలో జరిపే కొలతలే ఆధారం.

కోరింగ వంటి చోట ఆ కొలతలు మూడు తీరులుగా ఉండాలి. నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత, ఒండ్రు మొదలైనవి భౌతికమైనవి; ఇన్‌కాయిస్ అందించే సముద్ర సమాచారం ఇక్కడ ఉపకరిస్తుంది. మొక్కల జాతులు, పీతల పరిమాణం, చేపపిల్లల సంఖ్య, తాబేళ్ల గూళ్లు జీవసంబంధమైనవి. వేటకు పట్టిన గంటలు, వాడిన వల, దక్కిన పట్టుబడి, కుటుంబ ఆదాయం సామాజికమైనవి. పట్టుబడిని బరువుతో మాత్రమే గాక, పడిన శ్రమతో భాగించి చూడాలి. పది కిలోల పీతలకు నిన్న నాలుగు గంటలు, నేడు ఎనిమిది గంటలు పడితే, బరువు మారకపోయినా నిల్వ తగ్గి ఉండవచ్చు.

కాలాన్ని ఎంచుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధం అమలవుతుంది. నిషేధానికి ముందరి పట్టుబడిని, ముగిసిన వెంటనే దొరికే పట్టుబడితో పోల్చి ఆ తేడాను అభయారణ్యానికి ఆపాదించడం తప్పు. ఏ సంవత్సరమైనా అదే నెలను, అదే పోటుపాట్ల దశను పోల్చడం మేలు.

విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

ఈ కొలతలు ఏళ్ల తరబడి తెగిపోకుండా సాగాలంటే స్థానికుల భాగస్వామ్యం తప్పనిసరి. ఏ కాలువలో ఏ పోటుకు పీత బయటికి వస్తుందో పల్లెవాసికి తెలుసు. ఆ తెలివిడిని పద్ధతి ప్రకారం నమోదు చేయించడం విస్తరణ శాస్త్రవేత్త నేర్పు. కొన్ని ఎంపిక చేసిన రేవులలో వలరకం, వేట సమయం, పట్టుబడి రాసే సరళమైన పట్టికను తెలుగులో రూపొందించవచ్చు. విద్యార్థులు అభయారణ్యం లోపలి కాలువను, వెలుపలి కాలువను జంటగా ఎంచుకొని ప్రతి ఋతువులో ఒకే విధంగా కొలవవచ్చు. నమోదైన ఫలితాలను తిరిగి పల్లె సభలో వివరించాలి. సమాచారం ఇచ్చినవారికి దాని సారం చేరకపోతే మరుసటి ఏడు పట్టిక ఖాళీగా వస్తుంది.

2030 నాటికి భూభాగంలోను, సముద్రంలోను 30 శాతం పరిరక్షణలోకి తేవాలని 2022లో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు అంగీకరించాయి. విస్తీర్ణపు లక్ష్యం ఎంత పెద్దదైతే కొలతల అవసరం అంత పెరుగుతుంది. సరైన కొలత లేనిచోట చేపలు తగ్గితే నింద చిన్న వల వేసేవాని మీద పడుతుంది; పెరిగితే ఘనత ప్రకటన పత్రానికి దక్కుతుంది. ఎగువ నుంచి నీరు రానందువల్ల కలిగిన నష్టానికి పీతలు పట్టే కుటుంబం మూల్యం చెల్లించకుండా చూడగలిగినప్పుడే మూల్యాంకనం ఆ పేరుకు తగినదవుతుంది.